మద్దిలేటి మరుపు

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మూతిమీద నూగైనా మొలవని కాలాన, తంగేడుమిట్ట అనే ఊరుండేది. ఆ ఊళ్ళో మద్దిలేటి అనే కావడివాడు ఉండేవాడు. ఊ కొడుతూ వినండి. ఊ ఆగితే కథ ఆగుతుంది.

మద్దిలేటికి ఇల్లు లేదు, వాకిలి లేదు. ఊరి చివర పాడుబడిన గానుగ కొట్టంలో పడుకునేవాడు. భుజాన వెదురు కావడి, దానికి రెండు తట్టలు. ఎవరేం మొయ్యమంటే అది మోసేవాడు. ఒంట్లో బలానికి లోటు లేదు గానీ, మతికే లోటు. ఒకసారి పెళ్ళికూతురి సారె మోసుకుపోతూ, దోవలో మేళం వినపడిన వేరే పెళ్ళింట్లో దించేసి వచ్చాడు. ఆ ఇంటివాళ్ళు అరిసెలు తిని, ఎవరో పుణ్యాత్ములు పంపారని దండం పెట్టుకున్నారు. ఈ ఇంటివాళ్ళు మద్దిలేటిని కొట్టబోయారు. "మద్దిలేటికి చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే" అని ఊరంతా నవ్వేది. మద్దిలేటి కూడా వాళ్ళతోపాటే నవ్వేవాడు.

ఒక ఏడు ఆ సీమకు మారి వచ్చింది. పొద్దున పలకరించిన మనిషి మాపటికి ఉండేవాడు కాదు. పెద్దలు కూడి టముకు వేయించారు.

"తలుపులు మూసుకోండి! గడప దాటకండి! మనిషిని మనిషి తాకకండి!"

తలుపులన్నీ మూతపడ్డాయి. వీధుల్లో కోళ్ళు తిరగడమే గానీ మనిషి అలికిడి లేదు.

గడప దాటకుంటే రోగం రాదు, సరే. ఆకలి రాకుండా ఉంటుందా? చుట్టుపక్కల ఊళ్ళ బంధువులు బండ్ల మీద గింజా గిద్దా పంపారు. బండ్లవాళ్ళకు ఊళ్ళోకి రావాలంటే భయం. పొలిమేర రాయి దగ్గర మూటలు దించి, ఎద్దులను మళ్ళించుకుని వెళ్ళిపోయారు. మూటలు అక్కడ, మనుషులు ఇక్కడ. నడుమ నడిచేదెవరు?

"నేను తెస్తా" అన్నాడు మద్దిలేటి.

"గడప దాటొద్దన్నారు గదరా?" అని కిటికీలోంచి ఒక పెద్దాయన అడిగాడు.

"నాకు గడప యాడుంది సామీ, దాటేదానికి?"

ఆనాటి నుంచి పొద్దు ఎక్కేసరికి వీధిలో అతని కేక వినపడేది. "మూటొచ్చింది మూట! నేను ఎడంగా పోయినాకే తలుపు తీయండి!" మూట గడప ముందు దించేవాడు. కట్టెతో మూడుసార్లు తలుపు తట్టేవాడు. దూరంగా జరిగి నిలబడేవాడు. తలుపు ఓరగా తెరుచుకుని ఒక చెయ్యి మూటను లోపలికి లాక్కునేది. కొన్ని ఇళ్ళ వాళ్ళు అరుగు మీద ఇంత ముద్ద పెట్టేవాళ్ళు. అదే అతని కూడు. ఒకప్పుడు నవ్విన ఊరు ఇప్పుడు అతని కేక కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది.

ఊరి నడుమ మిద్దె ఇంట్లో గంగులమ్మ ఒక్కతే ఉండేది. వయసు మళ్ళిన మనిషి, కలిగిన మనిషి. ఆమె నోటికి జడిసి పిల్లులు కూడా ఆ గోడ ఎక్కేవి కావు. ఆమె తమ్ముడు ఏటి పక్క ఊళ్ళో వరి పండించేవాడు. అందరి మూటలకన్నా ఆమెవే పెద్దవి.

ఒకరోజు ఆమె తమ్ముడు బియ్యం పంపాడు. అదే రోజు చెంచమ్మ అనే ఆమెకు పుట్టింటి నుంచి ఇన్ని కొర్రలు వచ్చాయి. చెంచమ్మ మొగుణ్ణి మారి తీసుకుపోయింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. రెండు మూటలకూ ఒకే తీరు పాతగుడ్డ. మద్దిలేటి బియ్యం తీసుకుపోయి చెంచమ్మ గడప ముందు దించాడు. కొర్రలు తీసుకుపోయి గంగులమ్మకు ఇచ్చాడు.

మిద్దె మీది నుంచి గంగులమ్మ ఒకటే అరుపు. "ఒరే మద్దిలేటీ! సన్నబియ్యం రావాల్సిన చోట కొర్రలు తెచ్చి పడేస్తివే! పండ్లు లేని నోటికి కొర్రలేందిరా?"

"తప్పైపాయ పెద్దమ్మా. మతి నిలబడలేదు. ఇప్పుడే పోయి మార్చుకొస్తా."

అతను పరుగున చెంచమ్మ ఇంటికి పోయాడు. తలుపు తట్టడానికి కట్టె ఎత్తాడు. లోపల నుంచి చిన్నబిడ్డ గొంతు వినపడింది. "అమ్మా, ఈ పొద్దు మనింట్లో ఎవరికి పెండ్లి?" వరి అన్నం పెళ్ళిళ్ళలో తప్ప ఎరగని బిడ్డ మరి.

మద్దిలేటి ఎత్తిన కట్టెను మెల్లగా దించాడు. తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగాడు. గంగులమ్మ తిట్లన్నీ తలవంచుకుని విన్నాడు.

ఇంకోరోజు గంగులమ్మకు నెయ్యి కుండ వచ్చింది. వీధి చీలే చోట కుడికి పోతే మిద్దె ఇల్లు, ఎడమకు పోతే సాలెవీధి. సాలె ఓబన్న పెళ్ళాం పచ్చి బాలింత. పాలు చాలక పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మద్దిలేటి ఆ ఏడుపు వింటూ నిలబడ్డాడు. తరవాత నడిచాడు. నెయ్యి కుండ ఓబన్న గడప ముందు దిగింది. మతి మరిచిందో, కాళ్ళే మరిచాయో అతనికే తెలియదు.

"నీ మతి మంట్లో పొయ్య!" అంది గంగులమ్మ. "తప్పైపాయ పెద్దమ్మా" అన్నాడు మద్దిలేటి.

చలి ముదిరింది. గంగులమ్మకు తమ్ముడు కొత్త గొంగడి పంపాడు. మిద్దె వెనక సందులో కుమ్మరి సుబ్బయ్య ఉండేవాడు. ముసలివాడు, ఒంటరివాడు. చింకి గోనె కప్పుకుని పగలూ రేయీ దగ్గుతుండేవాడు. మద్దిలేటికి ఆరోజు అంతా గుర్తుంది. గొంగడి ఎవరిదో గుర్తుంది. ఏ ఇంటికి పోవాలో గుర్తుంది. ఎన్ని తిట్లు పడతాయో కూడా గుర్తుంది. అయినా గొంగడి తీసుకుపోయి సుబ్బయ్య గడప ముందు దించాడు. కట్టెతో మూడుసార్లు తట్టాడు.

తిట్లు తినడానికి తానే మిద్దె కిందికి వచ్చి నిలబడ్డాడు. గంగులమ్మ మిద్దె అంచుకు వచ్చి కిందికి వంగి చూసింది.

"ఒరే, ఒక మాట అడుగుతా. నీకు పెట్టిన ముద్దలు నువ్వు తింటాండావా, అవి కూడా యాడన్నా మర్చిపోయి వస్తాండావా?"

మద్దిలేటి నేలచూపులు చూశాడు.

"మిద్దె మీది నుంచి నాకు అన్నీ కనపడతాయిలేరా. బండివాడికి కేకేసి చెప్పు. మా తమ్ముణ్ణి ఇకమీదట రెండింతలు పంపమన్నానని చెప్పు. ఈ మాటొక్కటి మర్చిపోవద్దు. మూటలొచ్చినాక మాత్రం సగం మర్చిపో."

మద్దిలేటి తలెత్తి చూసేసరికి ఆమె లోపలికి పోయింది. అరుగు మీద ఆకులో వేడి అన్నం ఉంది. ఆరోజు అతను కడుపునిండా తిన్నాడు.

అప్పటినుంచి తంగేడుమిట్టలో మూటలు ఒకరివి ఒకరికి చేరడం ఎక్కువైంది. అడిగితే, మద్దిలేటి మర్చిపోయాడనేవాళ్ళు. ఎవరూ గట్టిగా అడగలేదు కూడా.

ఒకనాడు పొద్దు ఎక్కింది. కేక వినపడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. కేక వినపడలేదు. పొద్దు వాలింది. చెంచమ్మ తలుపు వెనక నిలబడింది. ఓబన్న తలుపు వెనక నిలబడ్డాడు. సుబ్బయ్య గొంగడి కప్పుకుని తలుపు వెనక కూర్చున్నాడు. అందరికీ తెలిసిపోయింది. గడప దాటడానికి అందరికీ భయమే.

ముందు తలుపు తీసింది గంగులమ్మ. చేతికర్ర పట్టుకుని, ఖాళీ వీధిలో ఒక్కతే నడిచి గానుగ కొట్టానికి పోయింది. ఆమె కర్ర చప్పుడు విని ఒక్కో తలుపే తెరుచుకుంది.

మద్దిలేటి గడ్డిమీద పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఆమె అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"తాకొద్దు పెద్దమ్మా."

"నాకు చెప్పొచ్చినావా? ఊరుకో."

"గొంగడి... అది నేను మర్చిపోలేదు పెద్దమ్మా. తెలిసే చేసినా."

"తెలుసులేరా."

"కోపం పోయిందా?"

"ఆ రేయి చలికి నాకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టక వింటే, సందులో సుబ్బయ్య దగ్గు ఆగిపోయినట్టు తెలిసింది. ఇన్నేళ్ళు నా గోడ పక్కనే దగ్గుతుంటే ఒక్కనాడూ నా చెవిని పడలేదు. అది ఆగినాక తెలిసింది రా, దగ్గుతుండేవాడని."

మద్దిలేటి నవ్వాడు. నీళ్ళు అడిగాడు. ఆమె తాపింది. దీపాలు పెట్టే వేళకు అతని ఊపిరి ఆగింది.

మూటలు పొలిమేర రాయి దగ్గరే పడి ఉన్నాయి. మరునాడు పొద్దున్నే ఓబన్న వచ్చి కావడి ఎత్తుకున్నాడు. ఆ మరునాడు చెంచమ్మ ఎత్తుకుంది. తరవాత ఇంటికొకరు వంతులు వేసుకున్నారు. వానలు పడి మారి పోయేదాకా ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగకుండా లేదు. ఎవరి మూట ఎవరికి పోయిందో మాత్రం ఎవరూ తేల్చలేదు.

ఆ సీమలో ఇప్పటికీ ఒక మాట ఉంది. గింజలు బదులడగడానికి వచ్చిన ఆమెకు ఇంటావిడ శేరు అంచుకు సమంగా తలగొట్టి కొలుస్తుంది. కొలిచాక ఇంకో దోసెడు పోస్తుంది.

"ఎక్కువ పోస్తివి గదమ్మా" అంటే, "మద్దిలేటి మరుపులే, పట్టుకపో" అంటుంది.

ఆ దోసెడు తిరిగి ఇవ్వకూడదు. ఇచ్చినా తీసుకోరు. తీసుకుపోయిన ఆమె ఎప్పుడో ఒకనాడు, ఇంకెవరికో కొలుస్తూ కొలుస్తూ, తానూ మర్చిపోతుంది.