తంబుర పట్టిన సాయంత్రం

ప్రశ్న అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పజెప్పడం దాలినాయుడు మాస్టారి అలవాటు. జవాబు కోసం వచ్చినవాళ్ళు చిక్కుడుకాయలకు ఈనెలు తీసి, తంబుర దుమ్ము తుడిచి, ఒక్కోసారి ఆయన కళ్ళజోడు వెతికిపెట్టి ఇంటికి వెళ్ళేవారు. కొందరికి దారిలో జవాబు తట్టేది. చాలామందికి తట్టేది కాదు. అయినా ఎనభై దాటిన మనిషి అలవాటు ఎవరు మార్చగలరు?

వకుళ చిన్నప్పుడు ఆయన దగ్గర పాట నేర్చుకుంది. పాటని మధ్యలోనే వదిలేసింది గాని మాస్టారిని వదల్లేదు. విజయనగరంలో కరెంటాఫీసు ఉద్యోగం చేసుకుంటూ, 'మడిగట్టు' అని సాహిత్యానికీ కళలకీ ఒక అంతర్జాల పత్రిక నడుపుతోంది. ఆ రోజు సాయంత్రమే దాని పదో వార్షికోత్సవం. పొద్దున్నే మాస్టారింటికి వచ్చి, కుర్చీ చూపిస్తున్నా కూర్చోకుండా అడిగేసింది.

"గురువుగారూ, చదివేవాళ్ళు లేని పత్రిక ఎందుకు? ఆపేస్తున్నానని ఈవేళ సభలోనే చెప్పేద్దామనుకుంటున్నాను. చెప్పమంటారా, వద్దంటారా?"

ఆవిడ అలసట ఊరికే వచ్చింది కాదు. చేతిరాతలో వచ్చిన కథలు తనే టైపు చేస్తుంది. తప్పులు తనే దిద్దుతుంది. అలిగిన కవులకు తనే ఫోన్ చేసి బతిమాలుతుంది. కవులు అలగని నెలంటూ ఉండదు. ఇంతా చేసి సంచిక విడుదల చేస్తే, గంటసేపు చదవాల్సిన కథకి నిమిషం తిరక్కుండా 'అద్భుతం మేడమ్' అని వ్యాఖ్య వచ్చి పడుతుంది. చనిపోయిన ఒక చిత్రకారుడి మీద నివాళి వ్యాసం వేస్తే దాని కింద కూడా ఎవరో మహానుభావుడు 'హృదయపూర్వక అభినందనలు' అన్నాడు. ఆ రోజు వకుళకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. కుడి మణికట్టు పట్టేసి ఏడాదైంది. కట్టు కట్టుకుని పని చేస్తోంది.

సాయం చేసేవాళ్ళు లేక కాదు. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన సన్యాసిరావు మొదటి సంచిక నుంచీ పత్రికకి బొమ్మలు వేస్తున్నాడు. "ఒక్క నెల నాకు వదిలెయ్యండమ్మా, నే చూసుకుంటాను" అని అడిగీ అడిగీ ఊరుకున్నాడు. ఆవిడ వదల్లేదు. కారణం లేకపోలేదు. ఒకసారి ఆయన ఒక నైరూప్య చిత్రాన్ని తలకిందులుగా పెట్టేశాడు. ఆ బొమ్మ గీసిన మనిషి కూడా పట్టుకోలేకపోయాడు గాని వకుళ పట్టుకుంది. ఆ తరవాత పత్రికలో చుక్క పెట్టాలన్నా కామా తియ్యాలన్నా తన చెయ్యే పడాలని నిర్ణయించుకుంది.

మాస్టారు అంతా విన్నారు. విని, "సాయంత్రం నన్ను పాడమన్నావు కదమ్మా. తంబుర పట్టే మనిషికి జొరమట. నువ్వు పట్టుకో" అన్నారు.

"నేనా! చెయ్యి నొప్పండీ. శ్రుతిపెట్టె తెప్పిస్తాను."

"పెట్టె నన్నేటీ అడగలేదు. నువ్వడిగావు."

సభ గ్రంథాలయం మేడమీద. సాహిత్య సభ కాబట్టి వేదిక మీద రద్దీగానే ఉంది, కిందే కాస్త పలచన. మాట్లాడవలసినవాళ్ళు తమ వంతు ఎప్పుడని చూసుకుంటున్నారు. శాలువాలు బల్ల మీద మడతలతో ఎదురుచూస్తున్నాయి. ముందు మాస్టారి పాటలు రెండు; ఆ రెండింటి మధ్యా సంపాదకురాలి మాట. ఆ మాట ఏమిటో వకుళకీ మాస్టారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఆ నాలుగు వాక్యాలూ పొద్దుట్నుంచీ మనసులో వల్లె వేసుకుంటూనే ఉంది.

మాస్టారు శ్రుతి చేసిన తంబుర ఆవిడ చేతికిచ్చి, "తాళం వెయ్యకు, జనాన్ని చూడకు. మీటతా ఉండు, అంతే" అన్నారు. సన్యాసిరావు మైకు సర్దడానికి వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. శహాన రాగంలో పాట మొదలైంది.

చూడవద్దన్నా వకుళ చూసింది. వెనక వరసలో ఇద్దరు బదిలీల గురించి మాట్లాడుకుంటున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు. మెలకువగా ఉన్నవాళ్ళందరూ మాస్టారి ముఖమే చూస్తున్నారు. తంబుర పట్టుకున్న మనిషి అక్కడుందన్న సంగతే ఎవరికీ పట్టినట్టు లేదు. ఇక్కడా ఇంతేనా అనుకుంది వకుళ. పదేళ్ళ అలసటా ఒక్కసారి వేళ్ళలోకి దిగింది. అదే సమయానికి ఒళ్ళో ఫోన్ వెలిగింది. ఒక కవిగారు పదేళ్ళ శుభాకాంక్షలు చెప్పి, దాని కిందే తన కొత్త కవిత పంపించారు. ఆవిడ దాన్ని చూస్తూ ఉండిపోయింది. చెయ్యి ఆగిపోయింది.

తీగల మోత వెంటనే పోదు. కాసేపు గాల్లో ఉండి సన్నగిల్లింది. అది పూర్తిగా పోయేసరికి బదిలీల మాటలు ఆగాయి. నిద్రపోతున్నాడనుకున్న పెద్దాయన తలెత్తి కళ్ళు తెరిచాడు. టీ పళ్ళెంతో వస్తున్నావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. మాస్టారు పాట ఆపలేదు గాని, ఆసరా పోయిన ఆ గొంతు బోసిగా, గతుకులు గతుకులుగా వినిపించింది. ఆయన ఇంత ముసలివారైపోయారని వకుళకి అప్పుడే తెలిసింది. గబగబా మీటబోతే మణికట్టు మెలిపెట్టినట్టయింది, వేళ్ళు కదల్లేదు.

పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. సన్యాసిరావు ఒకప్పుడు మాస్టారి దగ్గర నాలుగు వర్ణాలు పాడడం నేర్చుకున్నవాడే. ఏమీ అడగకుండా తంబురని తన ఒళ్ళోకి ఒరిగించుకుని మీటడం మొదలుపెట్టాడు. పాట నిలదొక్కుకుంది. పెద్దాయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. వెనక బదిలీలు మళ్ళీ మొదలయ్యాయి.

పాట అయ్యాక చప్పట్లు కొడుతుండగా మాస్టారు ఆవిడ వైపు వంగారు. "నువ్వు మీటుతున్నంతసేపూ నిన్నెవరైనా చూశారా తల్లీ?"

"లేదండి."

"ఆపేక?"

వకుళ కళ్ళు తుడుచుకుని మైకు దగ్గరికి వెళ్ళింది. వల్లె వేసుకున్న నాలుగు వాక్యాలూ నోటి దాకా వచ్చాయి. ఆవిడ వాటిని మింగేసి, సన్యాసిరావు వైపు చూసింది. ఆయన ఇంకా తంబుర వదల్లేదు.

"వచ్చే నెల సంచిక సన్యాసిరావు గారు తెస్తారు. ఆ పై నెలా ఆయనే. నేను కొన్నాళ్ళు చదివేవాళ్ళలో ఉంటాను" అంది. కిందికి దిగి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. సంబరంగా ఏమీ లేదు. పసిపిల్లని ఎవరి చేతికో ఇచ్చి బస్సెక్కినట్టు దిగులుగా ఉంది. అయినా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఎంతకాలానికి దొరికిందో.

సభ అయ్యాక మాస్టారిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వెనక సన్యాసిరావు తంబురని ఎత్తుకుని జాగ్రత్తగా దిగుతున్నాడు. వకుళ గొంతు తగ్గించి, "ఆయన మరీ మోటుగా మీటారు గురువుగారూ. రెండో పాట పొడుగునా నాకు తంబుర ఒక్కటే వినిపించింది" అంది.

మాస్టారు ఆయాసం తీర్చుకోవడానికి మెట్టు మీద ఆగారు.

"వినిపిస్తాది" అన్నారు. "కొన్నాళ్ళు పోనీ. వినిపించడం మానేస్తాది."