కళ్ళు తెరిచి ప్రార్థన చేసిన లూదియమ్మ

మన తాతల తాతలకి ఇంకా మూతిమీద మీసం మొలవని రోజుల మాట ఇది. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే నాకు నోరు పెగలదు.

వాగొడ్డున రెల్లుపాడు అని ఒక పల్లె. ఆ పల్లెలో ఒక పెంతెకొస్తు సంఘం. ఇప్పటిలా మైకులూ కుర్చీలూ ఎక్కడివి? తాటాకు పాక, పేడతో అలికిన నేల, ఒక డప్పు, రెండు జతల తాళాలు, అంతే. ఆడవాళ్ళు ముసుగేసుకుని ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ప్రార్థన అంటే అందరూ ఒక్కసారే, చేతులెత్తి, గొంతెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని చేసేవాళ్ళు. పాక ఎగిరిపోతుందా అన్నట్టుండేది.

ఆ సంఘానికి కాపరి యేసుపాదం అయ్యగారు. మంచి మనిషి, వేలెత్తి చూపించడానికి లేదు. కాకపోతే ఒక గుణం ఉంది. అన్నీ ఆయనే చెయ్యాలి. పాట ఆయనే ఎత్తాలి, డప్పు ఆయనే కొట్టాలి, వాక్యం ఆయనే చదివి ఆయనే చెప్పాలి. పాక తాళంచెవి ఆయన మొలతాడుకే. ఎవరైనా పాపం చాప పరుద్దామని వంగితే, "ఉండమ్మా, నేను చూసుకుంటాను" అనేవాడు.

అలా అనగా అనగా జనానికీ అలవాటైపోయింది. పైకప్పు తాటాకు లేచిపోయిందా? "అయ్యగారున్నారుగా!" పక్కింట్లో జ్వరంతో పడుకున్నారా? "అయ్యగారున్నారుగా!" పాకలోకి పాము దూరిందా? "అయ్యగారున్నారుగా!" అందరూ హాయిగా కూర్చునేవాళ్ళు. ఆ మహానుభావుడు ఒక్కడూ చెమటలు కక్కుతూ తిరిగేవాడు.

ఆ సంఘంలోనే లూదియమ్మ అని ఒక నాట్ల కూలి ఉండేది. పాకలో వెనకాల, గుంజ పక్కన కూర్చునేది. సాక్ష్యం చెప్పమంటే గుంజ చాటుకి జరిగేది. అదే మనిషి చేలో దిగిందంటే వేరు. రెల్లుపాడు చేలు ఊబి చేలు. అడుగేస్తే తొడ దాకా దిగబడేవి. అందుకని నాటేటప్పుడు ఆడవాళ్ళు కొంగూ కొంగూ ముడేసుకుని వరసగా దిగేవాళ్ళు. ఒకరు దిగబడితే పక్కవాళ్ళు లాగాలి. వరస మాత్రం విడవకూడదు. ఆ వరసకి కొసన నిలబడి కేకేసేది లూదియమ్మే. చేలో ఆమె కేకకి అందరూ కదిలేవాళ్ళు. పాకలో ఆమె ఉందన్న సంగతే ఎవరికీ పట్టేది కాదు.

ఆమెకి ఒక భయం ఉంది. చెప్తాను వినండి.

చాలా ఏళ్ళ కిందట, చల్లటి పొద్దున, మొగుడూ పెళ్ళాం వాగొడ్డున సద్దిమూట విప్పారు. మొగుడు చేతులు కడుక్కోవడానికి వాగులో దిగాడు. లూదియమ్మ కళ్ళు మూసుకుని అన్నం మీద స్తోత్రం చెప్పుకుంటోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడో కొండల్లో కురిసిన వాన వాగు నిండా వచ్చి పడింది. కళ్ళు మూసినప్పుడు మొగుడున్నాడు. తెరిచేసరికి లేడు. నలభై రోజులు ఆ వాగులో అడుగడుగూ కాళ్ళతో తడిమి వెతికింది. దొరకలేదు.

అప్పటినుంచి ఆమె ప్రార్థనలో కళ్ళు మూసుకోలేకపోయేది. మూస్తే చాలు, ఎవరో పోతారని గుండె దడదడలాడేది. అందరూ కళ్ళు మూసుకున్నాక తను ఒక్కతే తెరుచుకుని, తలుపు వైపూ, పొయ్యి వైపూ, పిల్లల వైపూ చూస్తూ, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసేది. మిగిలింది ఒక్కగానొక్క కూతురు కెజియా. ఎక్కువగా దాన్నే చూసేది.

అయ్యగారు పట్టేశాడు. ఆమె కళ్ళు తెరుచుకుందని ఆయనకెలా తెలిసిందీ అని అడక్కండి. అన్నీ ఆయనే చూసుకోవాలిగా మరి!

మొదటిసారి మెల్లగా చెప్పాడు. "లూదియమ్మా, దేవుడి ముందు కళ్ళు మూసుకోవాలమ్మా."

రెండోసారి అందరిలో చెప్పాడు. "కళ్ళు తెరుచుకుని చేస్తే అది ప్రార్థన కాదు, కాపలా!" అందరూ నవ్వారు. ఆమె ముసుగు ముక్కు దాకా లాక్కుంది.

మూడోసారి గట్టిగానే అన్నాడు. "వచ్చే ఆదివారం నీ కూతురికి బాప్తీస్మం. ఆ రోజు ఒడ్డున నువ్వు కళ్ళు తెరిచావని తెలిసిందా, అది బాప్తీస్మం లేకుండానే నీళ్ళలోంచి వెనక్కి వస్తుంది. చూసుకో."

ఇంటికొచ్చి కెజియా తల్లి చేతులు పట్టుకుంది. "అమ్మా, రెండేళ్ళనుంచి ఎదురుచూస్తున్నాను. ఒక్క పూట. నాకోసం మూసుకోవే."

"మూసుకుంటాలే తల్లీ" అంది లూదియమ్మ. అంది గానీ, ఆ వారమంతా ఆమెకి ముద్ద దిగలేదు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే సంఘమంతా పాడుకుంటూ వాగు దగ్గరికి వెళ్ళారు. మోకాళ్ళ దాకా నీళ్ళు, మధ్యలో కాస్త లోతు. అయ్యగారు ముగ్గుర్ని వెంటబెట్టుకుని నడుంలోతులోకి దిగాడు. ఒకరు ఏలీయా తాత, కాలు ఈడుస్తూ నడిచే ముసలాయన. ఇంకొకరు సుందరమ్మ అని కొత్తకోడలు. మూడోది కెజియా. లూదియమ్మ ఒడ్డున పొడి బట్టలు పట్టుకుని నిలబడింది. రెండు తెల్ల చీరలు, ఒక పంచె. ఆ సంఘంలో ఆమెకి ఇచ్చిన పని అదొక్కటే.

"ప్రార్థన చేద్దాం" అన్నాడు అయ్యగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారూ మూసుకున్నాడు. లూదియమ్మ కూడా, బట్టలు గుండెలకి హత్తుకుని, మూసుకుంది.

వాగొడ్డు గొంతులతో నిండిపోయింది. హల్లెలూయా, స్తోత్రం, స్తోత్రం!

మొదట ఆమెకి వాసన వచ్చింది. ఎండ కాస్తున్న పొద్దున కొత్తమట్టి వాసన. లూదియమ్మకి భయమేసింది. "నా పిచ్చి భయంలే" అనుకుంది. కళ్ళు తెరవలేదు.

తరవాత చప్పుడు వచ్చింది. ఇసుకతిన్నె మీది కొంగలు ఒక్కసారిగా లేచిన రెక్కల చప్పుడు. ఒళ్ళంతా చెమట పట్టింది. "కెజియాకి మాటిచ్చాను" అనుకుంది. కళ్ళు తెరవలేదు.

మూడోసారి పాదాలకి చల్లగా తగిలింది. ఆమె నిలబడ్డది పొడి ఇసుకలో. ఆ ఇసుకలోకి నీళ్ళు వచ్చాయి.

కళ్ళు తెరిచింది.

వాగు ఎర్రగా ఉంది. పైనుంచి నురగ, కొమ్మలు, చెత్త కొట్టుకొస్తున్నాయి. నడుంలోతులో ఉన్న నలుగురికీ రొమ్ము దాకా వచ్చేసింది. వాళ్ళు కళ్ళు మూసుకునే ఉన్నారు. నీళ్ళు పెరగడం పరిశుద్ధాత్మ కదలికేమో అనుకున్నారో ఏమో, చేతులు ఇంకా పైకెత్తారు. ఒడ్డున నలభై మంది ఉన్నారు. నలభై మందీ కళ్ళు మూసుకునే ఉన్నారు. అంతమందిలో చూస్తున్నది తనొక్కతే. అంత భయం ఆమె మొగుడు పోయిన రోజు కూడా పడలేదు.

పక్కనున్న సంసోను పెద్దయ్య భుజం పట్టి కుదిపింది. "పెద్దయ్యా, వాగొచ్చేసింది!"

కళ్ళు తెరవకుండానే అన్నాడాయన. "అయ్యగారున్నారుగా!"

ఆమె గట్టిగా అరిచింది. గొంతు చీరుకుపోయేలా అరిచింది. ఏం జరిగిందో తెలుసా? లూదియమ్మ మీద ఆత్మ దిగిందనుకున్నారు! నోరు మెదపని మనిషి ఇన్నాళ్ళకి నోరు విప్పిందని సంతోషం పట్టలేక, "హల్లెలూయా!" అని ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆమె ఎంత అరిస్తే వాళ్ళు అంత స్తుతించారు. అయ్యో దేవుడా, ఏం చెయ్యాలి? అవతల కూతురు మునిగిపోతోంది.

అప్పుడు ఆమె నోట్లోంచి చేలో కేక వచ్చింది.

"గట్టు తెగిందర్రోయ్!"

నాట్ల కూలీలు వాళ్ళంతా. గట్టు తెగిందన్న కేక వింటే కంచం ముందునుంచి కూడా లేచి పరిగెత్తేవాళ్ళు. నలభై జతల కళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి.

వాగులో అయ్యగారు కూడా తెరిచాడు. చూశాడు. మొహం తెల్లబోయింది. అయినా గుణం ఎక్కడికి పోతుంది? "భయపడకండి, నేను చూసుకుంటాను!" అని అరిచాడు. ఒక చేత్తో ఏలీయా తాతని పట్టుకున్నాడు, ఒక చేత్తో సుందరమ్మని పట్టుకున్నాడు. ఉన్నవి రెండు చేతులు. మనుషులు ముగ్గురు. కెజియా ఆయన చొక్కా అంచు పట్టుకుని వేలాడుతోంది.

ఒడ్డున అందరూ ఏడుస్తున్నారు, ప్రార్థన చేస్తున్నారు, ఎవరికి వాళ్ళు అటూ ఇటూ పరిగెడుతున్నారు. ఎవరేం చెయ్యాలో ఎవరికీ తెలీదు. ఎన్నడైనా చేసి ఉంటేగా!

లూదియమ్మ చేతిలోని బట్టలు కిందికి విసిరింది. "నాటు వరస పట్టండి!" అని కేకేసింది. "ఆడా మగా అని చూడొద్దు, ముళ్ళెయ్యండి! సంసోను పెద్దయ్యా, నువ్వు ఆ తాటిమొద్దుని కావలించుకుని కూర్చో, కదలొద్దు! మీరు ఆయన వెనక! మీరు వాళ్ళ వెనక!"

తెల్ల చీరలు, పంచె, కొంగులు, తుండుగుడ్డలు, అన్నీ ముళ్ళు పడ్డాయి. వరస తయారైంది. కొసన ఎవరు దిగాలి? లూదియమ్మే దిగింది. వాగంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయం ఆమెకే. కానీ నలభై రోజులు మొగుడి కోసం తడిమిన కాళ్ళవి. ఎక్కడ గుంటో, ఎక్కడ రాయో ఆ పాదాలకే తెలుసు. వణుకుతూనే దిగింది. పళ్ళు టకటకా కొట్టుకుంటూనే దిగింది.

మొదటిసారి చేరేసరికి ఆమెకి రొమ్ము దాకా ఉంది. "అమ్మా!" అని కెజియా చెయ్యి చాచింది. కానీ ఏలీయా తాత కాలు అప్పుడే జారింది. లూదియమ్మ కూతురి మొహం చూడలేదు. చూస్తే చెయ్యి అటే పోతుందని భయం. తాత చెయ్యి పట్టి వరసకి అందించింది. చేతులు మారి చేతులు మారి తాత ఒడ్డెక్కాడు.

రెండోసారి భుజాల దాకా ఉంది. ఒక దుంగ వచ్చి ఆమె పక్కటెముకలకి కొట్టింది. సుందరమ్మని అందించింది.

మూడోసారి గడ్డం దాకా ఉంది. కూతురి జడ దొరికింది. జడ పట్టుకునే లాగి వరసలోకి తోసింది.

ఇక అయ్యగారు మిగిలాడు. "నువ్వు వెళ్ళమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. అప్పటికే నోట్లోకి నీళ్ళు పోతున్నాయి.

"మీరొక్కరే చూసుకోలేరండీ అయ్యగారూ!" అంది లూదియమ్మ. "చెయ్యివ్వండి!"

ఆ సంఘంలో ఆయనకి ఆ మాట చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చంటిపిల్లాడిలా చెయ్యి చాచాడు. నలభై మంది లాగితే ఇద్దరూ వచ్చి ఒడ్డున పడ్డారు.

అందరూ బతికారు. కానీ దుంగ దెబ్బకీ, చలికీ లూదియమ్మకి జ్వరం పట్టుకుంది. ఒక రోజు మూలిగింది. రెండు రోజులు మూలిగింది. మూడో రోజు మధ్యాహ్నం అయ్యగారు వచ్చి ఆమె చాప పక్కన కూర్చున్నాడు. సంఘమంతా వెనకాలే వచ్చింది.

"లూదియమ్మా, నన్ను క్షమించు తల్లీ. నీకోసం ప్రార్థన చేస్తాను. కానీ..." అని ఆగాడు. "కళ్ళు మూసుకోవాలంటే నాకు భయంగా ఉంది."

ఆమె చిన్నగా నవ్వింది. "మీరు మూసుకోండయ్యగారూ. నేను చూస్తుంటాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. ప్రార్థన అయ్యి, ఆమెన్ అని తెరిచేసరికి లూదియమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. కెజియా వైపే చూస్తున్నాయి. ఊపిరి లేదు.

ఎవరో ముసలామె రెప్పలు మూయబోయింది. అయ్యగారు ఆపాడు. "వద్దమ్మా. ఉండనీ" అన్నాడు. అలాగే మట్టి చేశారు.

ఆ తరవాత ఆదివారం అయ్యగారు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి గుంజకి మేకు కొట్టి తగిలించాడు. డప్పు సుందరమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె కొట్టిన దరువు మొదట్లో వినలేకపోయారనుకోండి, అది వేరే సంగతి. పాట ఎవరెత్తాలో, జబ్బుపడ్డవాళ్ళని ఎవరు చూడాలో కూర్చుని పంచుకున్నారు. ఎండాకాలం వచ్చాక, వాగు తగ్గాక, కెజియాకీ ఆ ఇద్దరికీ బాప్తీస్మం అయింది. ఆ రోజు సంఘమంతా కొంగులు ముడేసుకుని నీళ్ళలో వరసగా నిలబడ్డారు.

ఈనాటికీ రెల్లుపాడులో బాప్తీస్మమంటే ఆ వరస కట్టాల్సిందే. దాన్ని లూదియమ్మ వరస అంటారు. ఎవరైనా బద్ధకించి "అయ్యగారున్నారుగా" అన్నారో, పక్కనున్న ఆడవాళ్ళు "వాగులో కూడా ఉన్నారుగా!" అని నోరు మూయిస్తారు. ఇంకొకటి కూడా ఉంది. ప్రార్థనకి లేచే ముందు కాపరి ఎవరైనా సరే, ఎంత పెద్ద మనిషైనా సరే, ఒక మాట అడగాలి.

"ఈ వారం లూదియమ్మ ఎవరు?"

వెనకనుంచి ఎవరో ఒకరు, ఒక వారం ముసలాయన, ఒక వారం కొత్తకోడలు, చెయ్యెత్తి "నేనండీ, చూస్తుంటాను" అంటారు.

అప్పుడు మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుంటారు.