ఫ్రాజైల్ మహారాజు

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక చిన్న సంస్థానం. దాన్ని ఏలే నరహరి భూపతి మనసు వెన్న. కానీ తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

ఆయన కొలువులో పేరయ్య అనే దుబాసీ ఉండేవాడు. దొరల మాటలు రాజుగారికి తెలుగులో, రాజుగారి మాటలు దొరలకు ఇంగ్లీషులో చెప్పడం అతని పని. అతను మేనకోడలి పెళ్ళికి వెళ్ళిన వారంలోనే దొరల సీమ నుంచి ఒక పెద్ద పెట్టె దిగింది. లోపల గాజు దీపాలు. మూత మీద ఎర్రటి అక్షరాలతో ఒక మాట. రాజుగారు కూడబలుక్కుని "ఫ్రాజైల్" అని చదివి మీసం దువ్వారు.

"దొరలు మాకు పంపిన బిరుదు! మహావీరుడని అర్థం!" అని సభలో ప్రకటించేశారు.

పేరయ్య తిరిగొచ్చేసరికి వందిమాగధులు "ఫ్రాజైల్ నరహరి భూపతీ!" అని గొంతు చించుకుంటున్నారు. మర్నాడే కలెక్టరు దొర రాక. ఆయన ముందు ఇలా అరిస్తే ఇంకేముంది, రాజుగారు నవ్వులపాలు. పోనీ నిండు సభలో తప్పని చెబుదామా, చిన్నబుచ్చుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఉప్పు తింటున్న పేరయ్యకు ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం రాజుగారు షికారుకు బయలుదేరారు. చూస్తే పల్లకీ నిండా గడ్డి! పక్కనే పేరయ్య బోయీలను అదిలిస్తున్నాడు.

"మెల్లగా! కుదపకండి! తలకిందులు చెయ్యకండర్రా!"

"పేరయ్యా, మతి పోయిందా? ఈ గడ్డేమిటి?"

"తమ బిరుదున్న సరుకును రేవులో ఇలాగే మోస్తారు ప్రభూ."

రాజుగారి ముఖం మారింది. బోయీలను దూరంగా పంపేశారు.

"నిజం చెప్పు. ఆ మాటకు అర్థమేమిటి?"

"పెళుసుది, ఇట్టే పగిలిపోయేది అని. పగలగొట్టడమనే అర్థమున్న పాత లాటిన్ మాటలోంచి పుట్టింది ప్రభూ."

"అయితే మేము పెళుసు సరుకా?" రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి.

"తమరు కాదు, తమ మనసు. మొన్న తుపానులో పల్లెకారుల ఏడుపు విని రెండు రోజులు అన్నం ముట్టలేదు తమరు. అలాంటి మనసు రేపు దొర నవ్వుకు ముక్కలు కాకూడదని ఈ గడ్డి పరిచాను."

రాజుగారు పల్లకీలోంచి ఒక గడ్డిపరక తీసి చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. తన భుజం మీది జరీ శాలువా తీసి పేరయ్యకు కప్పారు.

మర్నాడు వందిమాగధులు ఉత్త పేరే పలికారు. విందు వేళ మాత్రం రాజుగారు తానే దొరకు ఆ కథంతా చెప్పడం మొదలుపెట్టారు. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి పేరయ్యకు నోరు రాలేదు.

"చెప్పవోయ్ పేరయ్యా," అన్నారు రాజుగారు, "మేమేమీ పగిలిపోం!"