గుట్టెక్కిన నక్క కాపురం

కుంట కట్ట బాగుచేయిస్తానని ఒట్టేసి నక్క ఓ అడవికి సర్పంచి అయింది. రెండు ఎండాకాలాలు పోయాయి, కట్ట మీద తట్టెడు మట్టి పడలేదు. చిలక మాత్రం రోజూ పొద్దున్నే చెట్టెక్కి, "కట్ట ఉక్కులా ఉంది, అంతా సర్పంచిగారి చలవ!" అని చాటింపేసేది. దాని జాంపళ్లు నక్క ఇంటి నుంచే వచ్చేవి లెండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ!

ఆ కట్ట మీదే గుడ్లు పెట్టుకునే తీతువు పిట్ట ఒకరోజు ఎండ్రకాయ బొరియ దగ్గర నీరు ఊరడం చూసింది. గొంతు చించుకుని కూసింది.

"కట్టకి బుంగ పడిందర్రా! పెద్ద వానొస్తే కింద కుందేళ్లన్నీ మునుగుతాయి!"

నక్క మండిపడింది. "తీతువు కూస్తే కీడని మీ అమ్మమ్మలు చెప్పలేదా? తరమండి దాన్ని!"

అందరూ తరిమారు. కళ్లైనా తెరవని నాలుగు పిల్లల్ని కట్టకింద పెట్టుకున్న కుందేలమ్మే అందరికంటే ముందు తరిమింది. తన పిల్లలు మునుగుతాయంటే ఒళ్లు మండదూ మరి!

తీతువు ఊరుకోలేదు. కట్ట పొడవునా తిరిగింది, గుట్ట మీదకీ వెళ్లి చూసొచ్చింది. మర్నాడు నక్క పంచాయతీకి కూర్చోగానే ఎదురుగా వాలింది.

"సర్పంచిగారూ, ఒక్కమాట అడిగి పోతా. కట్ట గట్టిదే కదా?"

"ముమ్మాటికీ!"

"మరి కట్టకింద ఉండే మీ కాపురం పోయిన వారం గుట్టెందుకెక్కింది?"

నక్క గొంతు సవరించుకుంది. "అదా... కింద ఉక్కపోత. పైన కాస్త గాలాడుతుందనీ..."

"సరే, మీ పిల్లల్ని ఈ వానాకాలం కుందేలమ్మ పక్కనే ఉంచండి. జన్మలో మళ్లీ కూయను."

నక్క కోపంతో ఎగిరిపడింది. "నా పిల్లల్ని నీళ్లలో ముంచుదామనుకుంటున్నావటే!"

అనేసి నాలిక్కరుచుకుంది. కుందేలమ్మ చివాల్న లేచింది.

"అంటే నీకు ముందే తెలుసు! నీ పిల్లలే పిల్లలా? నావి మునిగినా ఫర్లేదా? నీ నోట మన్నుపడ! నీ మాట విని నాకోసం అరిచినదాన్ని తరిమానే!"

ఆపూటే నక్క సర్పంచిగిరీ ఊడింది. దాని నెత్తిన మట్టితట్ట పెట్టి, అడవంతా కట్ట మీదకి నడిచి బుంగ పూడ్చింది. మూడోనాడు కుండపోత వాన కురిసినా కట్ట నిలిచింది. కుందేలు పిల్లలు హాయిగా పాలు తాగాయి. చిలక చెట్టెక్కి, "నేనప్పుడే చెప్పలా!" అంది. ఏ ఎండకా గొడుగు!

బుంగ చూపిన నోరు నొక్కితే బుంగ పూడదు, మునిగేది మనమే.