ఏడో నంబరు పిల్ల కాగితం

పలాసలో లోకనాథం అనే మనిషి ఒకడు ఉండేవాడు; పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం బుద్ధెరిగాక ఒక్కనాడూ ఎరగడు. చేతిలోంచి గ్లాసు జారి పగిలితే, ఆ గ్లాసు సరిగ్గా తుడవలేదనేవాడు. బస్సు తప్పిపోతే డ్రైవరు ముందే లాగించేశాడనేవాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నోట "పొరపాటు నాదే" అన్న మాట భార్య ఒక్కసారి కూడా వినలేదు. వింటే ఆ రోజు పాయసం వండేదేమో పాపం!

లోకనాథం ఆ ఊరి బాలికల కబడ్డీ జట్టుకి కార్యదర్శి. వెనకటికి కార్యదర్శి అంటే బంతిపూల దండలు తెప్పించడం, మైకు పెట్టించడం. ఇప్పుడు అలా కాదు. పోటీకి పోవాలంటే ప్రతి పిల్లదీ ఫొటో, పుట్టినతేదీ పత్రం, రెండూ పోటీల వాళ్ళ వెబ్‌సైట్లో ఎక్కించాలి. ఒక్కటి తక్కువైనా పిల్ల గీత దాటి బరిలోకి అడుగు పెట్టలేదు. జట్టుకి ఆట నేర్పే పోలినాయుడు మాస్టారికి ఫోను ఎత్తడం, పెట్టెయ్యడం తప్ప మరేం రాదు. "లోకనాథం లేకపోతే మన జట్టే లేదు" అని ఆయన పదిమందిలో అనేవాడు. ఆ మాట వింటే లోకనాథానికి కడుపు నిండిపోయేది.

"నా చేతి మీదుగా వెళ్ళిన ఫైల్లో ఇంతవరకు ఒక్క తప్పు లేదు మాస్టారూ" అనేవాడు లోకనాథం. నిజమే, లేదు. ఉంటే అది నెట్టుది, కరెంటుది, లేదా ఫొటో తీసినవాడిది.

ఆయనకో పద్ధతి ఉండేది. పిల్లల కాగితాలను పేర్లతో కాకుండా వాళ్ళ చొక్కా మీది నంబర్లతో కంప్యూటర్లో దాచేవాడు. ఒకటో నంబరు పిల్ల పత్రం 'ఒకటి', రెండో నంబరు పిల్ల పత్రం 'రెండు'. వెతుక్కోవడానికి సులువు కదా! అసలు కాగితాలు మాత్రం పోటీలు అయ్యేదాకా కబడ్డీ క్లబ్బు గదిలోని బీరువాలోనే ఉండేవి.

ఆ ఏడాది ఏడో నంబరు చొక్కా దిల్లేశ్వరిది. రెండేళ్ళ కిందట అది ఆమె అక్క మోహినిది. పదో తరగతి అయ్యాక మోహిని ఆట మానేసింది, పద్దెనిమిది నిండగానే జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరింది. మధ్యలో ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. దిల్లేశ్వరి పెద్ద జట్టులోకి రాగానే "నాకు మా అక్క చొక్కాయే కావాలి" అని పట్టుబట్టి తీసుకుంది. ఆటలో అక్కని మించిపోయింది. కూతకి వెళ్ళిందంటే ఇద్దర్నయినా ముట్టుకోకుండా వచ్చేది కాదు.

తెనాలిలో పదహారేళ్ళ లోపు పిల్లల పోటీలు పెట్టారు. బాగా ఆడిన పదిమందిని క్రీడల హాస్టల్‌కి తీసుకుంటారు. ఇంటర్ చదువు, మూడుపూటలా తిండి, ఆట, అన్నీ అక్కడే. ఆ పై నెలలో దిల్లేశ్వరికి పదహారు నిండిపోతాయి. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి, లేదంటే ఇక లేదు. ఈ సంగతి జట్టులో అందరికీ తెలుసు, అందరికన్నా ఎక్కువగా వాళ్ళమ్మ కూర్మమ్మకి తెలుసు.

కూర్మమ్మకి చదువు రాదు. ఇంట్లో ఇద్దరాడపిల్లల పుట్టినతేదీ పత్రాలు ఒకే కవర్లో ఉండేవి. మోహినిది ఫ్యాక్టరీ ఆఫీసులో అడిగారని అక్కడ ఇచ్చింది. రెండోది పట్టుకుని లోకనాథం దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఇది సిన్నదాని కాయితమేనా? ఓపాలి సూడండి. ఇదొక్కటీ అయిపోతే నా పిల్ల గట్టెక్కిపోద్ది" అంది.

లోకనాథం చూశాడు. దిల్లేశ్వరిదే. ఫోనుతో ఫొటో తీసుకుని, కాగితం బీరువాలో పెట్టాడు. "నీకెందుకు కూర్మమ్మా, నేను చూసుకుంటాను కదా! నిశ్చింతగా వెళ్ళు" అన్నాడు.

పొరపాటు జరిగింది మర్నాడు. ఫోనులోని ఫొటోను కంప్యూటర్లోకి తెచ్చుకోవడం ఆయన మరిచిపోయాడు. వెబ్‌సైటు తెరిచి పన్నెండు మందివీ వరసగా ఎక్కిస్తూ, పక్కన ఎవరితోనో ఫోనులో పోటీల కబుర్లు చెబుతూ, 'ఏడు' అన్న ఫైలు కనబడగానే నొక్కేశాడు. అది రెండేళ్ళ నాటి మోహిని పత్రం. పచ్చ గుర్తు పడింది. పచ్చ గుర్తంటే కాగితం చేరిందని అర్థం, సరైన కాగితం చేరిందని కాదు. ఒక్కసారి తెరిచి చూసుంటే సరిపోయేది. చూడలేదు. అయినా ఇంతవరకు జరిగింది వట్టి పొరపాటే; ఎవరైనా చేస్తారు.

తెనాలి మైదానంలో ఓ బల్ల వేసుకుని ఒక మేడం కంప్యూటర్లో కాగితాలు తనిఖీ చేస్తోంది. జట్లన్నీ వరసలో నిలబడ్డాయి.

"ఏడో నంబరు ఎవరమ్మా? ముందుకి రా. నీ పేరు?"

"దిల్లేశ్వరి, మేడం."

"మరి పత్రం మీద మోహిని అని ఉందేమిటి?"

"మోహిని మా అక్క, మేడం."

"అక్క పత్రం నీకెందుకు? అసలు నువ్వు అక్కవా, చెల్లెలివా? దీని ప్రకారం నీకు పద్దెనిమిది దాటాయి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పోలినాయుడు కంగారుగా ముందుకొచ్చాడు. "లేదు మేడం, ఈ పిల్లని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. దీనికింకా పదహారు రాలేదు!"

"మీరు ఎరిగితే చాలదు మాస్టారూ, కాగితం చెప్పాలి. ఎక్కించింది ఎవరు?"

లోకనాథం ఓ అడుగు పక్కకి వేశాడు. జేబులోంచి ఫోను తీసి, ఎవరికీ కనబడకుండా చూశాడు. దిల్లేశ్వరి పత్రం అక్కడే ఉంది. పేరు, తేదీ, ముద్ర, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఏం జరిగిందో ఆయనకి ఆ క్షణంలోనే అర్థమైపోయింది.

మేడం చెడ్డ మనిషేం కాదు. నెమ్మదిగానే చెప్పింది. "చూడండి, ఎక్కించడంలో మీ పొరపాటైతే ఇక్కడే రాసి సంతకం పెట్టండి, సరైన పత్రం చూపించండి. పిల్ల ఆడుతుంది. మీరు మాత్రం ఒక ఏడాది ఈ వెబ్‌సైటు ముట్టుకోకూడదు, అంతే. అలా కాక పిల్లే తప్పు పత్రం ఇచ్చి ఉంటే రెండేళ్ళు నిషేధం. చెప్పండి, పొరపాటు ఎవరిది?"

లోకనాథం చుట్టూ చూశాడు. అన్ని జిల్లాల కార్యదర్శులూ చెవులు రిక్కించి వింటున్నారు. జిల్లా మొత్తం వెబ్‌సైటు పని తనకే అప్పగిస్తామని కబడ్డీ సంఘం పెద్దలు మొన్ననే మాటిచ్చారు. ఇంతమందిలో తలవంచుకోవాలా? రెండు ముక్కలు చెప్పాలి, అంతే. ఆ రెండు ముక్కలూ గొంతు దాటలేదు. వేరే మాటలు మాత్రం ఎంతో సునాయాసంగా వచ్చేశాయి.

"వాళ్ళిచ్చిందే నేను ఎక్కించాను మేడం. వాళ్ళమ్మకి చదువు రాదు. ఏది చేతికొస్తే అది తెచ్చి ఇచ్చినట్టుంది" అన్నాడు.

దిల్లేశ్వరి ఆయన వైపు తిరిగింది. "అమ్మ అక్కది ఇచ్చిందా సార్?"

"మరి నేనెక్కణ్ణుంచి తెస్తానమ్మా?" అన్నాడు లోకనాథం, ఆ పిల్ల కళ్ళలోకి చూడకుండా.

మేడం జాబితాలో పిల్ల పేరు కొట్టేసి, రెండేళ్ళ నిషేధం అని రాసుకుంది. అయిపోయింది. పేరు కొట్టేసిన పిల్ల జట్టు చొక్కా వేసుకోకూడదన్నారు. దిల్లేశ్వరి గదిలోకి వెళ్ళి బడి యూనిఫాం వేసుకుని వచ్చింది. ఆట జరిగినంతసేపూ తాడు అవతల నిలబడి చూసింది. ఆ పిల్ల లేని జట్టు మొదటి ఆటలోనే ఓడిపోయింది. అవతలి జట్టు పిల్లలు దాటిపోతూ "అదిగో, వయసు దొంగ" అన్నారు. ఆ మాట లోకనాథమూ విన్నాడు. విననట్టు నడిచాడు.

తిరుగు రైల్లో లోకనాథం ఇడ్లీ పొట్లం కొని ఆ పిల్లకి ఇచ్చాడు. దిల్లేశ్వరి పొట్లం విప్పలేదు. కాసేపటికి తలెత్తి, "మా అమ్మ మీద కోపం పెట్టుకోకండి సార్. కావాలని చెయ్యలేదు. మా వల్ల మీకు మాటొచ్చింది" అంది.

అయ్యో దేవుడా! తన గొంతు కోసిన మనిషికే ఆ పిల్ల క్షమాపణ చెప్పుకుంటోంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? లోకనాథం కిటికీలోంచి బయటికి చూస్తూ "పోనీలేమ్మా" అన్నాడు. ఎంత ఉదారం!

ఊరొచ్చాక మిగతా పిల్లల కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. దిల్లేశ్వరిది మాత్రం ఇవ్వలేదు. ఎలా ఇస్తాడు? ఇస్తే గుట్టు బయటపడుతుంది. "సంఘం వాళ్ళతో పనుంది, తరవాత ఇస్తాను" అన్నాడు. అబద్ధం ఒకటి ఆడితే దానికి కాపలా ఇంకో నాలుగు ఆడాలి. బీరువా తెరవాల్సి వచ్చినప్పుడల్లా ముందు గది తలుపు గడియ పెట్టుకునేవాడు. జిల్లా వెబ్‌సైటు పని ఆయనకే ఇచ్చారు, శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఇంటికి తెచ్చి ఓ మూల పడేశాడు. భార్య "ఏమైందండీ?" అంటే ఆమె మీదే విసుక్కున్నాడు.

నెల తిరిగింది. దిల్లేశ్వరికి పదహారు నిండాయి. ఒక మధ్యాహ్నం పోలినాయుడు క్లబ్బుకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"దిల్లేశ్వరి ఇంట్లో కూర్చుని వాళ్ళమ్మతో పాటు జీడిపప్పు తొక్క తీస్తోందయ్యా. కాలేజీ ఊసే ఎత్తొద్దంటోంది. దాని సంగతి సరే, ఆ కూర్మమ్మని చూడలేకపోతున్నాను. ఫ్యాక్టరీలో ఇవ్వాల్సింది ఇక్కడ, ఇక్కడ ఇవ్వాల్సింది ఫ్యాక్టరీలో ఇచ్చేశానని రోజూ గుండెలు బాదుకుంటోందట. ఫ్యాక్టరీలో కాగితం ఓసారి చూపించమంటే లోపల దాచేశాం, ఇప్పుడు కుదరదన్నారట. 'సదువు లేని తల్లి కడుపున పుట్టడమే దాని కర్మ' అంటోందట. తిండి మానేసింది. రోడ్డు మీద నన్ను చూస్తే సిగ్గుతో పక్క సందులోకి తప్పుకుంటోంది."

మాస్టారు వెళ్ళిపోయాక లోకనాథం బీరువా తెరిచి ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరవాత సంఘానికి ఉత్తరం రాశాడు. "పొరపాటు నాది. పిల్లదీ కాదు, తల్లిదీ కాదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అని రాసి, సరైన పత్రం నకలు జతచేసి పంపాడు. పుట్టాక అదే మొదటిసారి ఆ మాట రాయడం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

పదిరోజులకి జవాబొచ్చింది. దిల్లేశ్వరి మీద నిషేధం ఎత్తేశారు. లోకనాథాన్ని అన్ని పనుల నుంచీ తీసేశారు. హాస్టల్ పదిమందీ అప్పటికే చేరిపోయారని, పదహారు నిండిన పిల్లని ఇక తీసుకోవడం కుదరదని కింద ఒక వరస రాశారు.

ఆ ఉత్తరం, ఆ కాగితం పట్టుకుని లోకనాథం కూర్మమ్మ ఇంటికి వెళ్ళాడు. తల్లీకూతుళ్ళు చేటలు ముందు పెట్టుకుని పప్పు తొక్క తీస్తున్నారు. కూర్మమ్మ గబగబా లేచి కొంగు భుజాన కప్పుకుంది. "రండి బాబూ, కూకోండి" అంది.

ఆయన కూర్చోలేదు. గడపలోనే నిలబడి, జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పడం అయ్యాక, తిడతారని, కొడతారని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండునని ఉంది ఆయనకి.

కూర్మమ్మ "అయితే నాను ఇచ్చింది సరైన కాయితమేనా బాబూ?" అని అడిగింది.

"సరైనదే కూర్మమ్మా. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

"నా పిల్లని నానే గోతిలోకి తొయ్యలేదు కదా?"

"లేదు."

ఆవిడ ఉన్నచోటనే కూలబడి, నోట కొంగు కుక్కుకుని ఏడ్చింది. దిల్లేశ్వరి తల్లిని పట్టుకుంది. "అమ్మా, ఇంటికొచ్చి నిన్ను ఎన్నేసి మాటలన్నానే! ఆ తరవాత నీతో నెలరోజులు మాట్లాడనైనా లేదే!" అని అదీ ఏడ్చింది. చేటలో పప్పు నేలంతా చెల్లాచెదురైంది.

లోకనాథం మెల్లగా అడిగాడు. "నేనేం చెయ్యాలో చెప్పమ్మా. ఏం చెయ్యమన్నా చేస్తాను. ఎవరి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

దిల్లేశ్వరి కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, దాన్నే ఆయన భరించలేకపోయాడు.

"ఇప్పుడు చెయ్యడానికి ఏముంది సార్? ఆ రోజు మేడం అడిగినప్పుడు ఒక్క మాట చెప్పుంటే చాలు" అంది. కాగితం తీసుకుని మడిచి తల్లి చేతిలో పెట్టింది. మళ్ళీ చేట ముందు కూర్చుని, నేల మీద పప్పులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

లోకనాథం ఇంకాసేపు నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. తలవంచుకుని వెళ్ళిపోయాడు.

నీతి: పొరపాటు ఎవరైనా చేస్తారు, అడిగిన చోటే అది నాదని ఒప్పుకుంటే ఒక్క మాటతో సరిపోతుంది, నోరులేనివాళ్ళ నెత్తిన రుద్దితే మాత్రం తరవాత ఎంత ఏడ్చి ఒప్పుకున్నా, వాళ్ళకి పోయింది తిరిగిరాదు.