గాలి అద్దానికి నాలుగు స్క్రూలు

"ఎందుకు" అని అడిగినవాళ్లకు మస్తాన్ మేస్త్రీ నోటితో జవాబు చెప్పేవాడు కాడు. కదిరి రోడ్డులో ఆయన మోటారు బండ్ల షెడ్డు మా ఇంటికి ఎదురుగానే కాబట్టి నాకు తెలుసు. అడిగేవాళ్లు అడుగుతుంటే ఆయన నవ్వి, చేతిలో స్పానరు తుడుచుకునేవాడు. జవాబు ఎప్పుడో ఏదో ఒక పని వెంట వచ్చేది.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న గంగులప్ప ముప్పై దాటినవాడు, బిడ్డల తండ్రి. ఒకనాడు ఉండబట్టలేక అడిగినాడు.

"మామా, డబ్బా నిండా స్టీలు స్క్రూలు పెట్టుకొని, గాలి అద్దానికి మాత్రం ఈ తెల్ల ప్లాస్టిక్‌వి వేయమంటావు. గట్టిగా తిప్పితే తెగేట్టుండాయి. ఎందుకు?"

"వేయి నాయనా" అన్నాడు మస్తాన్. అంతే.

మరుసటి రోజు గంగులప్ప అక్క మొగుడు కుళ్లాయప్ప తన పెద్ద మోటారుసైకిలు తెచ్చినాడు, ముందరి లైటు డూము మీద ఎదురుగాలి రొమ్ముకు కొట్టకుండా కొత్త గాలి అద్దం పెట్టించుకోవడానికి. ఊరోళ్ల బండ్లకైతే గంగులప్ప మేస్త్రీ మాట దాటడు. బావ బండి అనేసరికి మనసొప్పలేదు. మేస్త్రీ చూడకుండా నాలుగు స్టీలు స్క్రూలు తీసి, పండ్లు బిగబట్టి బిగించినాడు. అయినవాళ్లకు గట్టిది పెట్టాలని ఎవరికుండదు? నేనైనా అదే పని చేసుందును.

సాయంత్రం కుళ్లాయప్ప బండి తీసుకొని పోయినాడు. మూడోనాడు కబురొచ్చింది, ఉలవల మీద జారి పడినాడని. మా వైపు రైతులు పీకిన ఉలవ చెట్లను తారురోడ్డు మీద పరుస్తారు, లారీలు తొక్కి గింజ రాలుస్తాయని. అంచున రాళ్లు పెడతారు. ఆ రాయికే ముందు చక్రం తగిలిందంట. గంగులప్ప తన బండి వెనక అక్కను కూర్చోబెట్టుకొని బయల్దేరినాడు. దారి పొడుగునా ఆమె కొంగు నోట్లో కుక్కుకొనే ఉంది.

తీరా పోయి చూస్తే కుళ్లాయప్ప ఉలవపొట్టు కుప్ప మీద కూర్చొని, గీసుకుపోయిన మోచేతి మీద ఎవరో ముసలమ్మ చేత నీళ్లు పోయించుకుంటున్నాడు.

"ఏం బిగించినావు బామ్మర్దీ! నా రొమ్ము తగిలిందో లేదో, నీ అద్దం ఠపీమని ఊడి ఎగిరిపాయ! ఇదేనా నువ్వు నేర్చుకున్న పని?" అని నవ్వినాడు. మళ్లీ తనే మెల్లగా అన్నాడు, "ఊడింది కాబట్టి దాని వెంబడే కుప్పలో పడితిని. అది నిలబడుంటే నా మెడ దానికే తెగిపోయుండేది."

"నీ నోట్లో మన్ను పడ" అని అక్క అతని వీపున ఒక్కటి వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

పక్క చేనులో పడిన అద్దాన్ని గంగులప్ప తీసినాడు. పగుల్లేదు. చివరలు విరిగిన తెల్ల ప్లాస్టిక్ స్క్రూలు రెండు ఇంకా బెజ్జాల్లోనే ఉన్నాయి. తాను బిగించిన స్టీలుది ఒక్కటీ లేదు. బండి షెడ్డు దాటకముందే ఎవరు మార్చినారో అతనికి అర్థమైంది.

అద్దం తెచ్చి, తల వంచుకొని మస్తాన్ ముందర పెట్టినాడు.

"మీ అక్క అన్నం తినిందా?" అని అడిగినాడు మస్తాన్.

"తినింది మామా."

"విరగాల్సినప్పుడు విరిగినాయి కదా. ఇంకో నాలుగు తియ్యి, పెడదాం."