మంత్రిగారి ఇంటికి తాళం

కోట తలుపులకు తాళాలు చేసే పని ఎవరికివ్వాలో తేల్చడానికి రాజు పోటీ పెట్టాడు. కమ్మరి ఎర్రక్క, కూతురు చేసిన తాళాన్ని కొంగున ముడేసుకుని వచ్చేసరికే, మంత్రిగారి బావమరిది తాళం గెలిచిందని వీధుల్లో దండోరా మోగుతోంది. పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

"చూడకుండానే ఎట్టా తేల్చారు దొరా?" అని ఎర్రక్క సభలో మంత్రిని అడిగింది.

"చూసేదేముంది? దాన్ని తెరవగల దొంగ ఇంకా పుట్టలేదు" అన్నాడు మంత్రి.

ఎర్రక్క రాజు వైపు తిరిగింది. "అయితే దండోరాలో ఇంకో మాట కలపమనండి మహారాజా. ఈ రాత్రి మంత్రిగారి ఇంటికి ఆ తాళమొక్కటే కాపలా, భటులెవరూ ఉండరని."

రాజు తలూపాడు. దండోరావాడు డప్పెత్తాడు.

"ఆగరా" అన్నాడు మంత్రి, చెమట తుడుచుకుంటూ. "ఏదమ్మా, నీ కూతురి తాళం ఇటివ్వు, చూద్దాం."

ఎర్రక్క కొంగుముడి విప్పింది. "ఇదొక్కటే కాదు బాబూ, అందరివీ చూడండి. డప్పు ఆ తర్వాత."